మొదటి ముద్దాయి పైల దాలమ్మ

పైల దాలమ్మగారు మంగళవారం ఉదయం పరమపదించారు. పొయ్యి దగ్గర కూర్చుని ఛాతీలో నొప్పిగా ఉందన్నారట. ఆటో గుమ్మంలోకి వచ్చేలోపే అంతా అయిపోయింది. ఈ దుర్వార్త నాకు ఫోనులో చెప్పినవారు మా పోరాట కమిటీ అధ్యక్షులు. "కొత్తవలసమ్మ పోయింది మేస్టారూ. పేపరోల్లకి నాలుగు ముక్కలు రాసి పంపించీండి. మీకలవాటే కదా" అన్నారు. ఆ వార్తకు నిర్ఘాంతపోయాను. ఆ చివరి మాటకు ఒళ్లు మండింది. కానీ ఆయన అన్నది అబద్ధం కాదు.

నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. తంపర భూములను కాపాడుకోవడానికి మా ఊళ్లో మూడేళ్లు సాగిన ఉద్యమానికి కార్యదర్శిని. ప్రతిరోజూ పత్రికలకు ప్రకటన రాసి పంపడం నా పని. ఆ అలవాటుతోనే కాగితం ముందేసుకున్నాను. "ఉద్యమంలో చురుగ్గా పాల్గొన్న మహిళల్లో ఒకరైన" అంటూ చెయ్యి తనంతట తానే రాసుకుపోయింది. ఆ కాగితం చించేశాను. ఇంకోటి తీసుకున్నాను, అదీ అలాగే మొదలైంది. చివరికి ఏమీ పంపలేదు. నేను పంపకపోయేసరికి విలేఖరి తనకు తోచింది రాసుకున్నాడు. మర్నాడు జిల్లా పేజీలో అట్టడుగున మూడు వాక్యాలు, పైన శీర్షిక: "ఉద్యమ నేత సతీమణి కన్నుమూత."

ఆ పేపరు పట్టుకుని దాలమ్మగారి భర్త అప్పలస్వామి మా ఇంటికి వచ్చాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి. చదువుకోలేదు కనుక ఎవరిచేతో చదివించుకున్నాడు. "మేస్టారూ, నాను ఉద్యమ నేతనేటి? ఎప్పుడయినాను? నాను గేదెల్ని కాసుకున్నాను. అది శిబిరంలో కూకుంటే కూడొండుకుని తిన్నాను, అంతే కదా. ఇదేటి ఇలగ రాసినారు?" అని అడిగాడు. ఆ అమాయకుడికి ఉన్న నిజాయితీ మాకెవరికీ లేకపోయింది. ఈ వ్యాసం ఆయన అడిగిన ప్రశ్నకు నా జవాబు. ధీరవనిత, వీరనారీమణి లాంటి సమాసాలు నా దగ్గర కావలసినన్ని ఉన్నాయి. వాటి చాటున ఇన్నేళ్లూ ఒక మనిషి పేరు దాచిపెట్టాను కనుక ఇక్కడ వాడడం లేదు.

పేరు సంగతే ముందు చెబుతాను. మా వైపు కోడలిగా వచ్చిన మనిషిని పుట్టింటి ఊరి పేరుతో పిలవడం ఆనవాయితీ. నెల్లిమర్ల నుంచి వస్తే నెల్లిమర్లమ్మ, కొత్తవలస నుంచి వస్తే కొత్తవలసమ్మ. పిలుపులో ప్రేమ ఉంటుంది, కాదనను. కానీ ముప్ఫయ్యేళ్లు ఒకే వీధిలో ఉన్నా ఆమె పేరు దాలమ్మ అని నాకు తెలియదు. ఆమె కొడుక్కి చదువు చెప్పాను. బడి రిజిస్టరులో తండ్రి పేరు రాసుకున్నాను. తల్లి పేరు అడగాలని నాకు తట్టలేదు.

ఆమె తండ్రి కొత్తవలసలో రైలు పట్టాల పక్కన పాక వేసుకుని ఉండేవాడు. కిరండూల్ నుంచి ఖనిజం మోసుకొచ్చే బళ్లు ఆ గుమ్మం ముందు నుంచే పోయేవి. మా తంపరలో బొగ్గుతో నడిచే కరెంటు ఫ్యాక్టరీ పెడతారనీ, ఊరు బాగుపడుతుందనీ కంపెనీ మనుషులు ఇంటింటికీ రంగు కాగితాలు పంచిన రోజుల్లో, మగవాళ్లమందరం అనుకూలమా వ్యతిరేకమా అని అరుగుల మీద తర్కించుకుంటున్నాం. ఆమె మా అరుగు దగ్గరకొచ్చి నిలబడింది. "మేస్టారూ, చిన్నప్పుడు మాయమ్మ తెల్లకోక ఆరేస్తే సాయంత్రానికి ఎర్రగయ్యేది. అది ఇనప మట్టి. ఇది బొగ్గంట. నల్లగవుతాది, అంతే తేడా. ఇందులో ఆలోసించడానికేటున్నాది?" అంది. నేను అరవై పేజీల నివేదిక తెప్పించుకుని వారం రోజులు చదివి అదే మాటకు వచ్చాను.

తంపర అంటే తెలియనివారి కోసం చెబుతున్నాను. వానాకాలమంతా నీళ్లు నిలిచే పల్లపు నేల. భావనపాడు వైపు సముద్రం పక్కగా మైళ్లకొద్దీ ఉంటుంది. మా వరి, మా చేపలు, చాపలల్లే తుంగ, పశువుల మేత అన్నీ అందులోనివే. సర్కారు రికార్డులో మాత్రం అది పనికిరాని నేల. ప్రజాభిప్రాయ సేకరణ సభలో ఒక అధికారి ఆ మాటే మైకులో చదివాడు. మా కమిటీ తరఫున ఐదుగురం మాట్లాడాం. నేను శ్లోకాలతో సహా ఇరవై నిమిషాలు మాట్లాడాను. అధికారులు గడియారాలు చూసుకున్నారు. అప్పుడు దాలమ్మగారు ఎవరూ పిలవకుండానే ఒక బుట్ట చంకనెట్టుకుని వేదికెక్కింది. తుంగ కట్ట, కలువ దుంపలు, గుప్పెడు ధాన్యం బల్ల మీద వరసగా పెట్టింది. ఆఖరున బుట్టలోని నీళ్ల తపేలాలోంచి ఒక కొర్రమీను తీసి ఫైళ్ల మీద వేసింది. అది ఎగిరెగిరి పడుతుంటే పెద్ద దొరలంతా కుర్చీలు వెనక్కి లాక్కున్నారు. "పనికిరాని నేలలో బతుకుతాదేటి బాబూ ఇది?" అంది. సభంతా గొల్లున నవ్వింది. ఆ సభ ఆ రోజు అక్కడితో ఆగిపోయింది.

ఆ సాయంత్రం నేను పత్రికలకు రాసిన ప్రకటన కాపీ నా దగ్గర ఇంకా ఉంది. నిన్న తీసి చదువుకున్నాను. ఐదుగురు వక్తల పేర్లూ, ఎవరు ఏమన్నారో సవివరంగా ఉంది. తర్వాత, "ఉద్యమకారులు అధికారుల ఎదుట చేపలను ప్రదర్శించి నిరసన తెలిపారు. మహిళలు కూడా పెద్ద సంఖ్యలో పాల్గొన్నారు." తెలుగు పండితుణ్ణి, వాక్యానికి కర్త ఎవరో పిల్లలకు ముప్ఫయ్యేళ్లు నేర్పినవాణ్ణి.

తర్వాత దీక్షా శిబిరం వేశాం. రోజుకు కొన్ని ఇళ్ల చొప్పున వంతులు. నేనే ఒక పొడుగు నోట్‌బుక్ కొని ఇంటికో పేరు రాసుకున్నాను. ఇంటికో పేరు అంటే ఇంటాయన పేరే. పొద్దున్నే ఇంటాయన వచ్చి సంతకమో వేలిముద్రో వేసి పొలానికి పోయేవాడు. రోజంతా కూర్చునేది ఇంటావిడ. మూడేళ్లలో అప్పలస్వామి శిబిరంలో కూర్చున్నది రెండు రోజులు, ఆ రెండు రోజులూ దాలమ్మగారికి జ్వరం. నోట్‌బుక్ తీసి చూస్తే ప్రతి వంతులోనూ పైల అప్పలస్వామి నిరాహారదీక్ష చేశాడు.

దీక్షలో ఉన్నా ఆవిడ చేతులు ఊరుకునేవి కావు. నోట్లో అడ్డపొగ, అంటే నిప్పు వైపు లోపలికి పెట్టి కాల్చే చుట్ట, ఉండేది. "పొగ ఉపాసంలోకి రాదు" అని ఆవిడే తీర్మానించేసింది, కమిటీ కాదనలేకపోయింది. ఒకసారి మధ్యాహ్నం వెళ్తే పదిమంది ఆడవాళ్ల మధ్య చింతపండు గుట్టపోసి గింజలు తీయిస్తోంది. ఇదేమిటమ్మా అన్నాను. "సింతపండు ముందలెట్టుకుని ఉపాసం సేస్తన్నాం. మాకన్నా గట్టోలు ఉన్నారేటి మేస్టారూ? మీ కలెక్టరుగారిని ఓపాలి వొచ్చి కూకోమనండి" అంది. నాలుక కటువు. శిబిరంలో సగం మందితో ఏదో ఒకనాడు పోట్లాట పెట్టుకుంది. నన్ను రెండుసార్లు బయటికి పొమ్మంది. కానీ ఎవరి పిల్లకైనా ఒళ్లు వెచ్చబడిందంటే ఆ తల్లి వంతుకు తనే కూర్చునేది.

అసలు సంగతి రెండో ఏటి వర్షాకాలంలో జరిగింది. కమిటీ పిలుపు మేరకు మగవాళ్లమంతా మూడు లారీల్లో శ్రీకాకుళం వెళ్లాం, కలెక్టరాఫీసు ముందు ధర్నాకి. మేము ఊళ్లో లేమని ఎవరు చెప్పారో గాని, సరిగ్గా ఆ రోజే సర్వే బృందం పోలీసు జీపులతో తంపరకు వచ్చింది. అప్పుడు పొలంలో ఊడుపు చేస్తున్నది పదకొండు మంది ఆడవాళ్లు. రాళ్లు రువ్వలేదు, తిట్టలేదు. దాలమ్మగారు నారుకట్ట ఒకటి చంకనేసుకుని గట్టెక్కి, జీపులు వచ్చే మట్టిదారి మీదికి పోయింది. ముసురుకు ఆ దారి బురదయి ఉంది. అక్కడ వంగి నాట్లు వేయడం మొదలుపెట్టింది. అత్తవారింటికి వచ్చి ఏడాదైనా కాని గౌరి అనే పిల్ల గట్టు మీద భయంతో నిలబడిపోతే, చెయ్యి పట్టుకుని దారి మీదికి లాగింది. మిగతా వాళ్లు వెంట వచ్చారు. జీపులు వచ్చేసరికి దారికడ్డంగా పచ్చగా వరసలు నిలబడి ఉన్నాయి.

ముందు జీపు డ్రైవరు ఈ జిల్లావాడే. ఇంజను ఆపి దిగిపోయాడు. ఎస్సై పోనిమ్మని కేకలేశాడు. "రైతు ఇంట్లో పుట్టినోణ్ణి సార్. నాటిన నారు మీద సెక్రం ఎక్కించనేను. నా ఉద్యోగం పోతే పోనీండి" అన్నాడట ఆ డ్రైవరు. సర్వే ఆగిపోయింది. ఎస్సైకి కోపం ఆడవాళ్ల మీదికి తిరిగింది. పదకొండు మందినీ బురద కాళ్లతోనే స్టేషనుకు తీసుకుపోయారు. ప్రభుత్వ విధులకు ఆటంకం కలిగించారని కేసు పెట్టారు.

సాయంత్రం నేను పరుగెత్తుకుని స్టేషనుకు వెళ్లేసరికి పేర్లు రాసుకుంటున్నారు. "మొదట నా పేరే రాయండి బాబూ. నారు అట్టుకెల్లింది నాను. పైల దాలమ్మ" అంటోంది. నేను తెల్లబోయి, నీ పేరు దాలమ్మా అన్నాను. "మరేటనుకున్నారు మేస్టారూ? మాయయ్య నాకు కొత్తవలస అని పేరెట్టినాడనుకున్నారా?" అని పగలబడి నవ్వింది. ఎస్సై కూడా నవ్వాపుకోలేకపోయాడు. మా బడిలో, మా నోట్‌బుక్‌లో, నా ప్రకటనల్లో ఎక్కడా లేని ఆ పేరును మొదటిసారి పూర్తిగా, తప్పుల్లేకుండా రాసింది ఒక హెడ్ కానిస్టేబులు. ఆ కాగితంలో ఆమె మొదటి ముద్దాయి.

నా అభిప్రాయంలో ఉద్యమం గెలిచింది ఆ బురద దారి మీదే. మరుసటి ఏడు కంపెనీ వెనక్కి తగ్గింది, అనుమతి రద్దయింది. విజయోత్సవ సభ పెట్టాం. వేదిక మీద కుర్చీలన్నీ మావే. ఆడవాళ్లను హారతులు పట్టమన్నాం. "హారతులిస్తాం గానీ మాకూ రెండు కుర్సీలెయ్యండి" అని దాలమ్మగారు ముందురోజే అడిగింది. అధ్యక్షులు అలాగేనమ్మా అన్నారు. తీరా ఆ రెండు కుర్చీల్లో మండల పార్టీ నాయకులెవరో వచ్చి కూర్చున్నారు. లేపే ధైర్యం ఆయనకూ లేదు, నాకూ లేదు. ఆయన ఉపన్యాసంలో "మా వెనక నిలబడిన ఆడపడుచులకు" అనగానే కింద నుంచి ఆవిడ గొంతు ఖంగున వినిపించింది. "ఎనకాల ఏటి బాబూ? ఆ రోజు మీరు శ్రీకాకులంలో ఉన్నారు కదా!" అందరూ నవ్వారు. మేమూ నవ్వేశాం. నవ్వేస్తే ఆ మాట తేలిపోతుందని మాకు బాగా తెలుసు.

ఇప్పుడు నా నేరం చెబుతాను. కొంతకాలానికి, ధర్నాలప్పుడు మా మగవాళ్ల మీద పెట్టినవాటితో సహా, ఉద్యమకారుల మీద కేసులన్నీ ఎత్తేస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది. కేసుల వివరాలూ పేర్లూ రెండు రోజుల్లో పంపమన్నారు. ఆ జాబితా తయారుచేసింది నేను. ఎదురుగా ఆ పొడుగు నోట్‌బుక్ పెట్టుకుని, ఇంటింటి పేరూ చూసుకుంటూ ఎవరి మీద ఏ కేసు ఉందో రాసుకుపోయాను. ఆడవాళ్ల మీద పెట్టింది విడి కేసు. అందులో ఒక్క మగవాడి పేరూ లేదు. కనుక నోట్‌బుక్‌లో ఏ ఇంటి పేరు దగ్గరా ఆ కేసు నాకు గుర్తు రాలేదు. జాబితాను కమిటీ అంతా చదివింది. అందరూ సంతకాలు చేశారు. ఒక్కరికీ గుర్తు రాలేదు. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. మగవాళ్ల కేసులన్నీ ఒక్క దెబ్బతో పోయాయి. మిఠాయిలు పంచుకున్నాం. ఆ తర్వాతి వారమే పదకొండు మంది ఆడవాళ్లకు కోర్టు నుంచి సమన్లు వచ్చాయి.

అప్పటి నుంచి నిన్నటి దాకా వాయిదాలే. పదకొండు మందీ రెండు ఆటోల్లో పోవడం, వరండాలో కూర్చోవడం, సాయంత్రానికి తిరిగి రావడం. ఊడుపుల రోజుల్లో పోయారు, కోతల రోజుల్లో పోయారు. విడిగా మళ్లీ అర్జీ పెట్టాం. ప్రభుత్వం మారింది. మళ్లీ పెట్టాం. ఫైలు పైకి వెళ్లిందన్నారు, తిరిగొచ్చిందన్నారు, మరో సంతకం కావాలన్నారు. మా అధ్యక్షులు ఈలోగా పదవిలోకి వచ్చారు. "ఆడోల్ల కేసు సిన్నది కదా మేస్టారూ, అదే పోతాది. తొందరేటి?" అనేవారు. ఆయన కేసు మాత్రం దానంతట అది పోలేదని నాకు తెలుసు. తెలిసీ గట్టిగా అడగలేదు.

కేసు చిన్నదే కావచ్చు. కానీ గౌరికి అంగన్‌వాడీలో ఆయా ఉద్యోగం వచ్చినట్టే వచ్చి పోయింది, పోలీసు విచారణలో ఈ కేసు బయటపడి. దాలమ్మగారు దాన్ని తన తప్పుగా పెట్టుకుంది. నెలకోసారి మా అరుగు మీదకు వచ్చి కూర్చునేది. మంచినీళ్లు కూడా ముట్టుకునేది కాదు. "మేస్టారూ, కాయితం ఏటయ్యింది? నా పేరు ఉంటే ఉండనీండి, నాకేటి, ముసల్దాన్ని. ఆ గౌరి గుంటని సెయ్యట్టుకుని లాగింది నాను. దాని పేరు కొట్టించీండి సాలు" అనేది. వచ్చే వాయిదాకి అయిపోతుందమ్మా అనేవాణ్ణి. ప్రతిసారీ అదే మాట. ఆవిడ లేచి, పైటతో అరుగు దులిపి మరీ వెళ్లేది. ఒక్కరోజు మాత్రం గుమ్మం దగ్గర ఆగింది. "ఆ జాబితా రాసినప్పుడు ఓపాలి మా ఇంటికొచ్చి అడిగితే నాను సెప్పుదును కదా. నాలుగిల్ల అవతల ఉన్నాను" అంది. తిట్టినా బాగుండేది.

ఆమె పోయిన మూడు రోజులకు, శుక్రవారం, వాయిదా. మరణ ధ్రువీకరణ పత్రం పట్టుకుని నేనూ వెళ్లాను. బంట్రోతు పేర్లు పిలిచాడు. "మొదటి ముద్దాయి పైల దాలమ్మ, పైల దాలమ్మ, పైల దాలమ్మ" అని మూడుసార్లు. పది మంది ఆడవాళ్లూ తలలు వంచుకున్నారు. వకీలు కాగితం అందించాడు. మేజిస్ట్రేటుగారు చదివి, మొదటి ముద్దాయి మరణించినందున ఆమె మీద కేసు ముగిసిందని చెప్పి రాసుకున్నారు. రెండు నిమిషాల పని. ఇన్నేళ్ల నా అర్జీలు సాధించలేనిది ఆ ఒక్క కాగితం సాధించింది. మిగతా పదిమందికీ మళ్లీ వాయిదా వేశారు.

వరండాలోకి వచ్చాక గౌరి నా దగ్గరకొచ్చింది. ఇప్పుడు తనకు ఇద్దరు బిడ్డలు. గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "మేస్టారూ, పిన్ని పేరు తీసేసినారు కదా. మరి మాము కూడా సచ్చిపోయినాకే తీస్తారేటి?"

మళ్లీ వాయిదా తారీఖు కాగితం మీద రాసుకుని, వాళ్లతోపాటు ఆటో ఎక్కాను. 

ఆదివారం సంతాప సభ పెడుతున్నారు. అధ్యక్షులు అధ్యక్షత వహిస్తారు. నన్ను మాట్లాడమన్నారు. ఆ పదిమందినీ వేదిక మీద కూర్చోబెట్టి, కేసు ఏ తారీఖుకు ఎత్తివేయిస్తారో పదవిలో ఉన్న ఆయనే మైకులో చెబితే వస్తానన్నాను. ఆలోచిద్దాం లెండి అన్నారు. ఆలోచించడానికి ఏముందని ఆయన్ని నిలదీయగల మనిషి ఈ ఊళ్లో ఒక్కరే ఉండేవారు, ఆవిడ వెళ్లిపోయింది. ఇంతకంటే పెద్ద లోటు మా ఊరికి మరొకటి లేదు. నెలనెలా వచ్చి కూర్చునేవారు లేక నేనూ నెమ్మదిగా ఊరుకుంటానేమోనని నా భయం. నా సంగతి నాకు తెలుసు.

అందుకే అమ్మా, ఈ వ్యాసం చివర నీకు జోహార్లు రాయడం లేదు. నీ ఆత్మకు శాంతి కలగాలని కూడా కోరడం లేదు. గౌరి బతికుండగానే, తన పేరు కొట్టివేసిన కాగితం తన చేత్తో పట్టుకున్న రోజున, మీ ఇంటికి నడిచి వచ్చి ఆ జోహార్లు రాస్తాను.